మన మేనిఛాయకు చోటులేని పాఠం

వైద్యానికి రంగు భేదం లేదంటారు. వైద్య విద్యలో మాత్రం ఆ భేదం పాతుకుపోయి ఉంది. వాచిన చోట చర్మం ఎర్రబడుతుందని, కామెర్లు సోకితే ఒళ్లు పచ్చబడుతుందని, ఆక్సిజన్ చాలకపోతే నీలిరంగుకు తిరుగుతుందని విద్యార్థికి నేర్పుతారు. తెల్ల చర్మాన్ని ప్రమాణంగా పెట్టుకున్న వర్ణనలివి. పాశ్చాత్య గ్రంథాల్లోని బొమ్మలూ అధికం తెల్లవారివే. నల్లని మేనిపై ఆ ఎరుపు ఊదాగానో, మరింత నల్లగానో కనిపించవచ్చు. అసలు కనిపించకనూ పోవచ్చు.

తెల్లాపూర్, పటాన్‌చెరు ప్రాంతానికి ఇది దూరపు సంగతి కాదు. ఇక్కడ రసాయనాల మధ్య పనిచేసేవారు, ఎండలో మేడలు కట్టేవారు నల్లని ఒంటి శ్రామికులే. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడు 50 మందికి పైగా కార్మికులను బలిగొంది. అటువంటి వేళ కాలిన గాయం ఎంత లోతో, ఊపిరి ఎంత అందుతోందో క్షణాల్లో తేల్చవలసిన యువ వైద్యుడికి తెల్ల చర్మం మీది పాఠం ఎంతవరకు అక్కరకు వస్తుంది?

పరికరాలూ ఈ లోపానికి అతీతం కావు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయినా వేలికి తగిలించే ఆక్సీమీటర్ బాగానే ఉన్నట్టు చూపడం తెల్లవారిలో కంటే నల్లజాతి రోగుల్లో దాదాపు 3 రెట్లు ఎక్కువని 2020లో అమెరికాలోని మిషిగన్ పరిశోధకులు వెల్లడించారు. అదే ఏడాది లండన్‌లో మలోన్ ముక్వెండె అనే వైద్య విద్యార్థి ఇద్దరు అధ్యాపకులతో కలిసి, నల్లని చర్మంపై రోగ లక్షణాలను చూపే చిత్రాల పుస్తకం వెలువరించారు. ఒక విద్యార్థికి తట్టిన లోటు మన విద్యాధికారులకు తట్టకపోవడం శోచనీయం.

ఇది మనకు చేతగాని పని కాదు. లేతబారి, స్పర్శ కోల్పోయిన కుష్ఠు మచ్చను మన ఒంటి మీదే చూపి దశాబ్దాలుగా పాఠం చెబుతున్నారు. మిగతా రోగాల విషయానికి వచ్చేసరికి పెరటి చెట్టు వైద్యానికి పనికిరాకుండా పోయింది!

సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2022లో ప్రారంభమైంది. రోగుల అనుమతితో, ముఖం తెలియకుండా, వార్డుల్లో ఫొటోలు సేకరించి పాఠాల్లో వాడటానికి కోట్లు అక్కరలేదు. కామెర్లను కంటి తెల్లగుడ్డులో, రక్తహీనతను కింది రెప్ప లోపల, నీలిరంగును నాలుక మీద వెతకాలని, వాపును తాకి వేడిని గుర్తించాలని నొక్కి చెప్పాలి. యంత్రం చూపే అంకెతో పాటు మనిషి ఆయాసాన్నీ చూడమనాలి. ఇవన్నీ పరీక్షల్లోనూ అడగాలి; అడగనిది ఎవరూ శ్రద్ధగా చదవరు.

జాతీయ వైద్య కమిషన్ పాఠ్యప్రణాళికలో దీనికి స్పష్టమైన చోటు కల్పించాలి. ఆ లోగా మన కళాశాలలే చొరవ చూపాలి. తన ముందున్న రోగి ఒంటిని చదవలేని వైద్యుడికి ఎన్ని గ్రంథాలు చదివించినా ఫలమేమిటి?