గాజువాక గోడు ఢిల్లీకీ దూరమే, బీచ్ రోడ్డుకీ దూరమే

2024 ఏప్రిల్, మే నెలల్లో మా గాజువాక వీధుల్లోకి వచ్చిన ప్రచార రథాల్లో ఉక్కు మాట ఎత్తనిది నాకు కనబడలేదు. జెండాలు వేరు, పాటలు వేరు, మైకులో హామీ మాత్రం ఒకటే: ప్లాంటుని ప్రైవేటోళ్ల చేతుల్లో పడనివ్వం. సరిగ్గా అవే రోజుల్లో మా విశాఖ ఉక్కు ప్లాంటు బొగ్గు కోసం అల్లాడింది. బొగ్గు ఆస్ట్రేలియాలో ఆగిపోలేదు. పక్కనే ఉన్న గంగవరం పోర్టు దాకా వచ్చి ఆగిపోయింది.

ఏప్రిల్లో పోర్టు కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లను నేను తప్పుపట్టను. పోర్టు కోసం ఊళ్లు వదులుకున్న గంగవరం, దిబ్బపాలెం మత్స్యకారుల బిడ్డలు వాళ్లు. జీతాల కోసం అడిగారు. కన్వేయర్ ఆగింది. గోడకి అటు బొగ్గు కుప్పలు, ఇటు ఆకలితో ఫర్నేసులు. బ్లాస్ట్ ఫర్నేస్ అంటే ఇంట్లో పొయ్యిలాగా ఆర్పి మళ్లీ వెలిగించుకునేది కాదు. ఒకసారి చల్లబడితే మళ్లీ దారికి తేవడానికి ప్రాణం పోతుంది. కోక్ ఓవెన్లు కూడా అంతే. ప్లాంటులో పనిచేసేవాళ్లు రాత్రిళ్లు నిద్రపోకుండా ఉన్న కాసింత బొగ్గుని సర్దుకుంటూ గడిపారు. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ఆ రోడ్డు మీంచే నామినేషన్ ర్యాలీలు వెళ్లాయి. పోర్టులో సమ్మె తేల్చండి, ప్లాంటుకి బొగ్గు కదిలించండి అని కూర్చున్న ఒక పెద్ద నాయకుడు నాకు కనబడలేదు. ఓటుకి ఉక్కు కావాలి, ఉక్కుకి బొగ్గు ఎవరికీ అక్కర్లేదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. ఈ ప్లాంటు ఎవరి దయా కాదు. 1966 అక్టోబరులో గుంటూరు జిల్లా మనిషి తమనపల్లి అమృతరావు ఉక్కు ఫ్యాక్టరీ కోసం విశాఖ వచ్చి ఆమరణ దీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో తుపాకులు పేలాయి. ఆ ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారు. తెన్నేటి విశ్వనాథం ముందు నిలిచారు. ప్రతిపక్ష శాసనసభ్యులు పదవులు విసిరికొట్టారు. 1970 ఏప్రిల్లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరిలో శంకుస్థాపన చేశారు. ఆ రాయి మీద ఇనుము కరగడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసేనాటికి, పునాదిరాయి నాడు పుట్టిన పిల్లలకి పెళ్లీడు వచ్చేసింది.

ఈలోగా భూములిచ్చిన ఊళ్ల సంగతి అడిగేవాళ్లు లేకపోయారు. ఇరవై వేల ఎకరాల పైచిలుకు భూమి, అరవైకి పైగా ఊళ్లు. కుటుంబానికి ఒక ఆర్ కార్డు ఇచ్చారు, ఉద్యోగం ఇస్తామని. సగం మందికి దొరికింది, సగం మందికి లేదు. మా వీధి చివర ఒక కుటుంబం ఉంది. బీరువాలో చీరల కింద ఆ కార్డుని ప్లాస్టిక్ కవరులో దాచుకున్నారు. అంచులు చిరిగిపోయాయి, ఇంకు వెలిసిపోయింది, మడతల దగ్గర టేపు అంటించారు. ఆ ఇంటి కుర్రాడు నా దగ్గర చదువుకున్నాడు. చివరికి ప్లాంటులో కాంట్రాక్టు పనికి కుదిరాడు. "మా తాత భూమిచ్చాడు మాస్టారూ. మా నాయన కార్డు పట్టుకుని తిరిగి తిరిగి పోనాడు. నాకేటి సెప్తారు?" అని అడిగాడు 2024 ఎన్నికలప్పుడు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నష్టాలు, నష్టాలు అంటారు ఢిల్లీలో. ఎందుకొచ్చాయో ఎన్నికల సభల్లో ఒక్కరూ విడమరిచి చెప్పరు. దేశంలో పెద్ద ఉక్కు కంపెనీలకు సొంత ఇనుప గనులున్నాయి. విశాఖ ఉక్కుకి లేవు. బైలదిల్లా గనుల ఖనిజాన్ని ప్రభుత్వ సంస్థ ఎన్ఎండీసీ దగ్గర డబ్బు పెట్టి కొనుక్కోవాలి. అదే బైలదిల్లా నుంచి కొత్తవలస–కిరండూల్ లైను వేసిందే జపానుకి ఖనిజం పంపడానికి. అరవై ఏళ్లుగా ఆ వ్యాగన్లు అరకు కొండలు దిగి మా ఊరి పోర్టులోకి వస్తూనే ఉన్నాయి. పాతనగరంలో, జ్ఞానాపురంలో బట్టలారేసుకుంటే దుమ్ము పడుతూనే ఉంది. పరాయి దేశానికి ఖనిజం పంపారు గానీ, మన కొలిమికి ఒక గని ఇవ్వమంటే మాత్రం ఏ ప్రభుత్వానికీ చెయ్యి రాలేదు. కాంగ్రెస్ ఇవ్వలేదు, బీజేపీ ఇవ్వలేదు. రాష్ట్రాన్నేలిన పార్టీల్లో ఏదీ దాని కోసం ఢిల్లీలో బైఠాయించలేదు.

2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ నూటికి నూరు శాతం అమ్మేస్తామని తేల్చేసింది. మూడు నెలలు తిరగకుండానే కరోనా రెండో ఉధృతి. ఊపిరి కోసం దేశం కొట్టుకుంటుంటే, మహారాష్ట్ర కోసం ప్రాణవాయువు నింపుకున్న మొట్టమొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఏప్రిల్ 22న బయల్దేరింది మా ప్లాంటు నుంచే. అమ్మకానికి పెట్టిన ఫ్యాక్టరీలోంచి. ఆ మాటైనా గుర్తుండాలి కదా! కనీసం ఆ ట్యాంకర్లు నింపిన చేతులకి నెల తిరిగేసరికి పూర్తి జీతం ఇవ్వాలన్న ఇంగితమైనా ఉండాలి కదా! తర్వాత వాళ్ల జీతాలు ముక్కలు ముక్కలుగా ఇచ్చారు.

ఢిల్లీ సంగతి వదిలేయండి. మన ఊరి మాటేమిటి? ఆ అమ్మకాన్ని ఆపాలని కూర్మన్నపాలెంలో 2021 ఫిబ్రవరి నుంచి దీక్షా శిబిరం నడిచింది. ఎన్నికలు రాకముందే వెయ్యి రోజులు దాటింది. ఎన్ఏడీ జంక్షన్ దాటి అవతలికి వెళ్లండి. సిరిపురంలో, ఎంవీపీ కాలనీలో ఎవరినైనా అడగండి. "అవునండీ, అమ్మేస్తారట కదా" అంటారు. తుపాను కబురు చెప్పినంత మామూలుగా అంటారు. మింది దగ్గర హిందుస్థాన్ జింకు 2002లో ప్రైవేటుకి పోయింది, ఆ తర్వాత పదేళ్లకి ఆ కొలుములు ఆరిపోయాయి. అప్పుడూ ఊరు ఇలాగే చూస్తూ ఊరుకుంది. ప్లాంటు జీతాల మీద బతికే గాజువాక బజారు మూతబడితే ఆ సెగ జగదాంబ సెంటరు దాకా రాదనుకుంటున్నారా? మీ అపార్టుమెంట్లు కట్టిన కడ్డీ ఎక్కడిది?

గాజువాక తన పని తాను చేసింది. 2024 మే 13న వరుసల్లో నిలబడి ఓటేసి, తెలుగుదేశం అభ్యర్థికి 95 వేల పైచిలుకు ఆధిక్యత ఇచ్చింది, రాష్ట్రంలోకెల్లా ఎక్కువ. విశాఖ ఎంపీ ఆధిక్యత అయిదు లక్షలు దాటింది. ఫలితాలు చూస్తే బీజేపీకి 240, అంటే సొంత బలం లేదు. తెలుగుదేశానికి 16 మంది ఎంపీలు. కేంద్రంలో ప్రభుత్వం మన మద్దతు మీద ఆనుకునే రోజు వచ్చింది. అంతటి బలం చేతిలో పెట్టుకుని ఏం తెచ్చారు? జులైలో ఉక్కు మంత్రి కుమారస్వామి ప్లాంటుకొచ్చి భయం లేదన్నారు. ఆ తర్వాత కూడా ఒక దశలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు ఫర్నేసుల్లో ఒక్కటే మండింది. 2025 జనవరి 17న రూ.11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. డబ్బు వచ్చినందుకు సంతోషమే, కాదనను. అందులో గని లేదు. కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం లేదు. అదే ఏడాది వేలమంది కాంట్రాక్టు కార్మికుల్ని గేటు బయట నిలబెట్టారు. వాళ్లలో నిర్వాసితుల పిల్లలున్నారు. మా వీధి కుర్రాడున్నాడు.

ప్లాంటు బతికిందని బ్యానర్లు కట్టారు, పాలాభిషేకాలు చేశారు. ఆ తొలగింపుల మీద కాంట్రాక్టు కార్మికులు మే 20న సమ్మెకి కూర్చుంటే ఆ బ్యానర్లు కట్టినవాళ్లలో ఎంతమంది వచ్చి పక్కన కూర్చున్నారు?

ఇకమీదట మా గుమ్మం ముందుకి ఏ జెండా వచ్చినా సరే, 1966 అమరుల పేరెత్తితే నేను ఊరుకోను. నాకు రెండు కాగితాలు కావాలి. 2021 జనవరి 27 నాటి నిర్ణయాన్ని రద్దు చేశామని కేబినెట్ తీర్మానం ఒకటి. విశాఖ ఉక్కుకి ఫలానా చోట ఇనుప గని కేటాయించామని ఉత్తర్వు ఇంకొకటి. ఆ రెండూ పట్టుకురండి. లేదంటే మా వీధి చివరి ఇంటికి వెళ్లి, ఆ బీరువా తీయించి, కార్డు చేత్తో పట్టుకుని, ఆ కుర్రాడికి మీరే జవాబు చెప్పండి.