ముళ్ళమొక్కకు ముద్దెక్కువైతే

"కాక్టస్ పెంచుకోండి, దానికే శుశ్రూషా అక్కరలేదు" అని చెప్పేవారంటే నాకు ఒకింత కోపం. ఆ మాట నమ్మినందుకే 11 ఏళ్ళ మొక్కను చేజేతులా చంపుకోబోయాను.

2009లో మా నాన్నగారు కడియం వెళ్ళినప్పుడు జానెడు మొక్కగా తెచ్చిన కాక్టస్ అది. స్తంభంలా నిటారుగా, పలకలు పలకలుగా పెరిగే రకం. చూసినవారందరూ బ్రహ్మజెముడు అనేవారు. మన గట్లమీద కంచెగా పెరిగే జెముళ్ళలో కొన్నింటిని గిల్లితే పాలు కారతాయి. ఆ పాలు కంట పడితే ప్రమాదం. దీనిలో ఆ పాలుండవు. దీని పుట్టిల్లు దక్షిణ అమెరికా.

నాన్నగారు దానిని పెరట్లో, ఎండ తగిలేచోట, అడుగున చిల్లున్న మట్టికుండీలో ఉంచారు. మట్టిలో సగానికి సగం ముతక ఇసుక, ఇటుక ముక్కలు. వేలు దింపి చూసి, లోపలిదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు పోసేవారు. వానాకాలంలో అదీ లేదు. కాని రోజూ ఉదయం దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసేవారు. శుశ్రూష అంటే ఆ చూడడమేనని ఇప్పుడు నా అభిప్రాయం.

2017లో ఆయన మంచాన పడ్డారు. ముళ్ళమొక్క ఇంట ఉండబట్టే ఇలా అయిందని, దానిని తీసి పారవేయమని మా మేనత్తగారు పట్టుబట్టారు. ఆవిడ గుమ్మం ముందరి గులాబీలకు ముళ్ళు లేవా అని అడగాలనిపించింది గాని, తమ్ముడి కోసం ఏడుస్తున్న మనిషితో వాదమేమిటి? మొక్కను హైదరాబాదులోని మా ఫ్లాటుకు తెచ్చి, హాల్లో సోఫా ప్రక్కన పెట్టాను. అందరూ బాగుందన్నారు. ఆ మసక వెలుతురులో అది పైకి సాగిందే గాని లావెక్కలేదు. ఎదుగుతోందని నేను మురిసిపోయాను. నాన్నగారు పోయిన ఆ ఏడాది పెరిగిన భాగమంతా మణికట్టంత సన్నమైపోయింది. ఆ తరువాత ఎంత ఎండ చూపినా పైన పెరిగిన భాగం లావెక్కింది గాని, ఆ మెడ పూడలేదు.

ఎండ చూపడంలోనూ తొందరపడ్డాను. నీడలో ఉన్నదానిని మే నెలలో ఒక్కసారిగా బాల్కనీలోకి మార్చేసరికి ఒక ప్రక్కంతా తెల్లగా కాలిపోయింది. రోజుకొక గంట చొప్పున అలవాటు చేయాలట. కాలిందని జాలిపడి రోజూ నీళ్ళు పోశాను. అన్నిటికంటె పెద్ద తప్పు అదే.

ఈ మొక్క పలకలు హార్మోనియం తిత్తిలాంటివి. నీరందితే విచ్చుకుంటాయి, అందకపోతే ముడుచుకుంటాయి. తక్కిన మొక్కల్లా పగలు గాలి పీల్చదు. రంధ్రాలు రాత్రి తెరచి, బొగ్గుపులుసు వాయువును లోపల దాచుకుని, పగటి వెలుతురులో వాడుకుంటుంది. నీటిబొట్టును అంత పొదుపుగా వాడే ప్రాణికి మనం చెంబులకొద్దీ ప్రేమ కుమ్మరిస్తాం!

2020 ఆగస్టు ముసురులో మొదలు మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. కూరగాయల కత్తిని స్పిరిటుతో తుడుచుకుంటూ చక్రాల్లా కోస్తూ పోయాను. ప్రతి కోతలోనూ మధ్యన గోధుమరంగు మచ్చ. రెండడుగులు పోయాక గాని తెల్లని కండ కనబడలేదు. ఆ రెండడుగులూ నాన్నగారు పెంచినవే. మిగిలిన పై ముక్కను మూడు వారాలు నీడలో ఆరబెట్టి, కోత గట్టిపడ్డాక పొడి ఇసుకలో నిలబెట్టాను. వేళ్ళు వచ్చేదాకా చుక్క నీరు పోయకుండా ఉండడానికి నేను పడిన యాతన ఇంతా అంతా కాదు.

ఇప్పుడది మళ్ళీ నా భుజం దాకా వచ్చింది. ఆ సన్నని మెడ మాత్రం మట్టికి అడుగున్నర ఎత్తులో అలాగే ఉంది. గాలి వీస్తే అక్కడే ఊగుతుంది గనుక వెదురుకర్ర దాపు పెట్టి, పాత పంచె అంచుతో వదులుగా కట్టాను.