తండ్రి సమాధి దగ్గర అన్నదమ్ములు

చదువవలసిన వాక్యభాగము: ఆదికాండము 50:15-21



పూర్వం మన తెలుగునాట "వెండితెర నవల" అని ఒక రకం పుస్తకం ఉండేది. సినిమా కథను నవలగా వ్రాసి, మధ్య మధ్య ఆ సినిమా బొమ్మలు వేసి అమ్మేవారు. ముళ్లపూడి వెంకటరమణ గారి వంటి పేరున్న రచయితలు కూడా వీటిని వ్రాశారు. టాకీసుకు పోలేనివారికి ఆ పుస్తకమే సినిమా.

సినిమా కథలకు సంఘ పత్రికలో చోటేమిటని పెద్దలు అడుగవచ్చు. 1978లో విడుదలైన "కరుణామయుడు" సినిమాను పల్లెల్లో తెర కట్టి చూపించగా మనలో ఎందరో చూశాము. దాని దర్శకుడు ఎ. భీమ్‌సింగ్ గారే 1961లో తమిళంలో "పాశమలర్" తీశారు. తల్లిదండ్రులు లేని అన్నాచెల్లెళ్ల కథ అది. మరుసటి సంవత్సరమే ఆ కథ "రక్తసంబంధం"గా తెలుగులోకి వచ్చింది. దానికి మాటలు వ్రాసినది ముళ్లపూడి వారే. ఒకరికొకరు ప్రాణంగా పెరిగిన ఆ ఇద్దరి నడుమ ఎడబాటు వచ్చింది. చివరకు వారు మరణంలోనే కలిశారు.

1975లో వచ్చిన "అన్నదమ్ముల అనుబంధం" మరొకటి. దుర్మార్గుడు తల్లిదండ్రులను చంపగా ముగ్గురు అన్నదమ్ములు చెదిరిపోతారు. చిన్ననాడు ఇంట్లో పాడుకొన్న పాట వారిని మళ్లీ కలుపుతుంది. ఇటువంటి కథ విని కన్నీరు పెట్టని మనిషి లేడు. అయితే మేము అడిగేది ఒక్కటే. కథలోని అన్నదమ్ముల కోసం ఏడ్చే మనం, గెట్టుకు అవతల మక్కచేనులో నిలబడిన మన సొంత అన్నను చూచి ముఖమెందుకు తిప్పుకొంటున్నాము?

కథలో విడదీయడానికి ఒక దుర్మార్గుడు ఉంటాడు. మన ఊళ్లలో అటువంటివాడు అక్కరలేదు. గాంధారి, లింగంపేట, ఎల్లారెడ్డి ప్రాంతాల పల్లెల్లో, తండాల్లో ఇండ్లు విడిపోవడం మనం చూస్తూనే ఉన్నాము. కారణాలు చిన్నవే. జానెడు గెట్టు. బాయి మోటారు వంతు. పాసుపుస్తకంలో ఎవరి పేరున్నది? నాయిన దవాఖాన ఖర్చు ఎవరు పెట్టారు? అమ్మ కడియాలు ఎవరికి పోయినవి? మొదట ఒక మాట, తరువాత మౌనము. ఆ మౌనము మీద ఏండ్లు గడుస్తాయి. ఆదివారం ఒకే గుడిలో ఒకరు ఈ వరుసలో, ఒకరు ఆ వరుసలో కూర్చుండి ఒకే కీర్తన పాడుతారు.

ఒకనాడు చావు కబురు వస్తుంది. గల్ఫ్ దేశాలకు పోయినవారున్న ఇండ్లకు అది ఫోనులో వస్తుంది, పెట్టె ఎన్నో రోజులకు గాని శంషాబాదు విమానాశ్రయంలో దిగదు. అప్పుడు ఊరంతా వచ్చి విధవరాలిని, పిల్లలను ఓదారుస్తుంది. అది తగినదే. కాని పోయినవాని తమ్ముణ్ణి ఎవరు ఓదారుస్తారు? అతనికి మనము పనులు చెప్తాము. గొయ్యి తవ్వించు, పెట్టె చేయించు, పందిరి వేయించు, అయ్యగారికి కబురు చేయి. అతడు మూడు రోజులు పరుగెత్తుతాడు. ఆదరణ కూడిక అయిపోయి, కుర్చీలు బండి ఎక్కిన తరువాత, ఒక్కడే బాయికాడికి పోయి ఏడుస్తాడు. పోట్లాడి మాటలు మానుకొన్నవాడైతే ఆ దుఃఖము రెండింతలు. "అన్నా" అని పిలువవలసిన రోజుల్లో పిలువలేదు. ఇప్పుడు పిలిచినా పలికేవారు లేరు.

పరిశుద్ధ గ్రంథము ఈ సంగతిని ఎరుగును. ఆదికాండములో మూడు సార్లు, విడిపోయిన అన్నదమ్ములు తండ్రి సమాధి దగ్గర కలిసి కనబడుతారు.

మొదటిది, అబ్రాహాము మరణము. ఇంటి నుండి పంపివేయబడిన ఇష్మాయేలు, ఇంటనే ఉన్న ఇస్సాకు, ఇద్దరూ కలిసి తండ్రిని మక్పేలా గుహలో పాతిపెట్టారు (ఆది. 25:9). వారు ఏమి మాట్లాడుకొన్నారో వ్రాయబడలేదు. పెట్టె మోసే భుజాలకు మాటలు అక్కరలేదు.

రెండవది, ఇస్సాకు మరణము. ఒకప్పుడు తమ్ముణ్ణి చంపుతానన్న ఏశావు, పారిపోయిన యాకోబు, ఇద్దరూ కలిసి తండ్రిని పాతిపెట్టారు (ఆది. 35:29). అయితే వారు సమాధి దాకా ఆగలేదు. తండ్రి బ్రతికి ఉండగానే ఏశావు పరుగెత్తి వచ్చి యాకోబు మెడను కౌగిలించుకొన్నాడు, ఇద్దరూ ఏడ్చారు (33:4). ముందే ఏడ్చినవారు గనుక సమాధి దగ్గర నిబ్బరంగా నిలువగలిగారు.

మూడవది యాకోబు మరణము. మన ఇండ్లకు ఇది అద్దము వంటిది. యోసేపు సహోదరులు ఐగుప్తుకు వచ్చిన తరువాత యాకోబు 17 సంవత్సరములు అక్కడ బ్రతికాడు (47:28). అన్ని ఏండ్లు వారు యోసేపు పెట్టిన ధాన్యము తిన్నారు, అతడిచ్చిన నేల మీద మందలు మేపుకొన్నారు. అతడు కన్నీటితో వారిని ముద్దుపెట్టుకొన్నాడు కూడా. అయినను తండ్రి కన్ను మూయగానే భయపడ్డారు. ఇక వీడు మన మీద పగ తీర్చుకొంటాడేమో అనుకొన్నారు. ఎందుకు? వారు కలిసి తిన్నారు గాని, చేసిన తప్పును నోరు తెరిచి ఒప్పుకొని క్షమాపణ అడిగినట్లు అంతవరకు ఎక్కడా వ్రాయబడలేదు. తండ్రి ఉన్నన్నాళ్లు ఆ ముసలి ప్రాణమే నడుమ గోడగా నిలిచి కాపాడింది. మన ఇండ్లలోనూ అంతే గదా! అమ్మ ఉన్నంతవరకు పండుగకు అందరూ వస్తారు. అమ్మ పోయిన మరుసటి క్రిస్మసుకు ఎవరి పొయ్యి వారిదే.

వారి మాట విన్నప్పుడు యోసేపు ఏడ్చాడు. వారు చేసిన కీడు చిన్నదని అతడు చెప్పలేదు. తీర్పు తీర్చే చోటు దేవునిదని, ఆయన దానిని మేలుగా త్రిప్పాడని చెప్పాడు. వారిని వారి పిల్లలను పోషిస్తానని మాట ఇచ్చి ప్రేమగా మాట్లాడాడు. అతని క్షమాపణ వారి పిల్లల అన్నము దాకా వచ్చింది.

కాబట్టి ప్రియులారా, మూడు పనులు చేయుదము.

ఒకటి. దుఃఖములో ఉన్న ఇంటికి పోయినప్పుడు, పోయినవాని అన్నదమ్ములను కూడా పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చుండుదము. పని తగ్గించి ఏడ్వనిద్దాము. లాజరు సమాధి దగ్గర మన ప్రభువే కన్నీళ్లు విడిచాడు. మగవాడు ఏడ్వరాదన్నది వాక్యము కాదు.

రెండు. చనిపోయిన సహోదరుని భార్యాబిడ్డల సొత్తు మీద చేయి వేయకుందము. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల రూపాయల సహాయమును మన రాష్ట్ర ప్రభుత్వము 2024లో ప్రకటించింది. ఇటువంటి సహాయము కొరకు కాగితాలు సరిచేసి, వదినకు గాని మరదలికి గాని ఇప్పించడమే రక్తసంబంధము.

మూడు. సమాధి దాకా ఆగకుందము. బలిపీఠము దగ్గర కానుక విడిచిపెట్టి, మొదట పోయి సహోదరునితో సమాధానపడుమని ప్రభువు సెలవిచ్చాడు (మత్త. 5:23-24). వచ్చే సంస్కారపు ఆదివారమునకు ముందే గెట్టు దాటుదము. తప్పు ఎవరిదో తేలిన తరువాత పోదామంటే అది ఎన్నటికీ తేలదు. చిన్నవాడే ముందు రావాలని పెద్దవాడు పట్టుపట్టకూడదు. ఏశావు పెద్దవాడే, అయినను పరుగెత్తినది అతడే.

కుటుంబ ప్రార్థనలో మాట్లాడుకొనుటకు: మన ఇంట్లో ఎవరితో మాటలు లేవు? ఆ మౌనము ఏ సంవత్సరము మొదలైనది? ఈ వారము మొదట తలుపు తట్టేది ఎవరు?

ప్రార్థన: తండ్రీ, మా సహోదరులను మాకు ఇచ్చినవాడవు నీవే. వారు బ్రతికి ఉండగానే వారిని పేరు పెట్టి పిలుచుటకు మా నోరు తెరువుము. అన్నను, తమ్ముణ్ణి పోగొట్టుకొన్నవారిని నీ చేతులతో ఆదరించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.