పుట్టింటి పురుడు, పట్నం చావు

వెయ్యిమంది పుడితే 828 మంది ఏడాది నిండకుండానే పోయారు. 1921 నాటి బొంబాయి లెక్క ఇది. ఊరంతటిదీ కాదు, ఒంటిగది కాపురాలది. నాలుగు గదులో అంతకు మించో ఉన్న ఇళ్ళలో ఆ సంఖ్య 133.

828 అంటే నమ్మబుద్ధి కాదు. దానికి న్యాయమైన కారణమే ఉంది. పరేల్, లాల్‌బాగ్ మిల్లుల్లో పనికి కుదిరిన కొంకణ్ ఆడవాళ్ళు పురుటికి సొంతూరు వెళ్ళేవారు, మన ఇళ్ళలో పుట్టింటికి వెళ్ళినట్టే. బిడ్డ పుట్టుక ఆ ఊళ్ళో. నెలల పిల్లను చంకనేసుకుని తిరిగొచ్చాక చావొస్తే అది బొంబాయి ఖాతాలో. చావుల్ని పుట్టుకలతో భాగించేదే శిశు మరణాల రేటు కాబట్టి కింది అంకె తగ్గితే రేటు పెరిగి కూర్చుంటుంది. ఒంటిగదుల్లో ఉండేది ఎక్కువగా ఇలా వలస వచ్చినవాళ్ళే కనుక తేడా కూడా అక్కడే ఎక్కువ.

సరే, బేరం ఆడదాం. సగానికి సగం కొట్టేస్తే 414. అప్పటికీ 133కి మూడింతలు పైనే.

ఈ ఒంటిగదులుండే చాల్ అంటే వరసగా గదులు, ముందు వసారా, అందరికీ కలిపి కుళాయి, మరుగుదొడ్డి. గదిలోనే పొయ్యి, ఆ పొగలోనే పసిబిడ్డ. తల్లి పొద్దస్తమానం మిల్లులో ఉంటే బిడ్డ ఏడవకుండా ఉండాలి. అందుకు నల్లమందు. మిల్లు కార్మిక స్త్రీల స్థితిగతులు చూసిన డాక్టర్ బార్న్స్ 1922లో రాసిన నివేదిక ప్రకారం, వాళ్ళ పిల్లల్లో నూటికి 98 మందికి అది పడుతోంది. తల్లుల్ని తిట్టడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది. నాకు మాత్రం ఇది పనిగంటల లెక్కలాగే కనిపిస్తుంది.

 

ఇలాంటి తల్లుల కోసం 1929లో బొంబాయి ప్రెసిడెన్సీ ప్రసూతి భృతి చట్టం తెచ్చింది. శాసన మండలిలో దాన్ని సమర్థించినవారిలో అంబేద్కర్ ఒకరు. భృతి ఇవ్వాల్సింది యజమాని. ఆ తరువాతి దశాబ్దాల్లో బొంబాయి మిల్లుల్లో ఆడవాళ్ళ వాటా తగ్గుతూ పోయింది. రాత్రిపాళీ నిషేధం, కొత్త యంత్రాలు, ఇలా కారణాలు వేరేవీ ఉన్నాయి. ఈ భృతి భారం కూడా అందులో లేదంటే మాత్రం నేను నమ్మను.