చిప్ప పోయింది, ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది

"తిని బలిశారు" అనే మాట మనకు కొత్తది కాదు. కూలి పెంచమన్నా, ఊరి నడుమ నుంచి పెళ్లి ఊరేగింపు తీసినా, ఇస్త్రీ చొక్కా వేసుకుని రచ్చబండ ముందు నుంచి నడిచినా ఊరిపెద్దల నోట మొదట వచ్చేది ఆ మాటే. ఇప్పుడు అదే మాట తెల్లకోటు వేసుకుని మన బడులకు వస్తోంది. ఆరోగ్య పరీక్షలని వచ్చినవాళ్లు పిల్లల్ని తూకమేసి, పదేళ్ల ఆడపిల్లను అందరి ముందు నిలబెట్టి, "ఏం పెడుతున్నావమ్మా దీనికి, కాస్త తగ్గించు" అని తల్లికి చెప్పి పోతున్నారు. ఆ తల్లి తెల్లారుజామున మిరపకోతకు పోతే దీపాలు పెట్టాక ఇంటికి చేరుతుంది. ఆమె పెట్టేదేంది, తగ్గించేదేంది?

ఒళ్లు రావడం షావుకారు ఇంటి జబ్బు అనుకునే రోజులు పోయాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎత్తుకు మించి బరువున్నవాళ్లు 2015-16లో నూటికి 2.1 మంది. 2019-21 సర్వే నాటికి 3.4 అయ్యారు. అదే సర్వేలో వయసుకు తగ్గ ఎత్తు పెరగని పిల్లలు నూటికి 35.5 మంది ఉన్నారు. 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఊబకాయం ఉన్నవాళ్లు 2022లో మన దేశంలో కోటీ పాతిక లక్షల మంది అని అంతర్జాతీయ లెక్క ఒకటి చెప్పింది. బక్కపిల్ల, లావుపిల్ల ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారు. ఒక్కోసారి ఇద్దరూ ఒకే గుడిసె బిడ్డలు. పుణె కేఈఎం ఆసుపత్రిలో డాక్టర్ యాజ్ఞిక్ బృందం ఇంకో సంగతి చూపించింది. మన దేశంలో తక్కువ బరువుతో పుట్టే పసికందు చూడటానికి పుల్లలా ఉన్నా, ఒంట్లో కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. అంటే తల్లి ఆకలి కూడా బిడ్డ ఒంట్లో కొవ్వు రూపంలో బయటపడుతోంది. దీన్ని బలుపు అంటారా?

తిండి సంగతి మేము పక్కన పెట్టడం లేదు. పప్పు కొనలేక ఒట్టి అన్నంతో కడుపు నింపుకోవడం, ఐదు రూపాయల ఉప్పుకారం ప్యాకెట్, రంగు చక్కెర నీళ్ల సీసా, ఆటస్థలం లేని బడి, ఇవే పెద్ద కారణాలు. కానీ ప్యాకెట్ లోపలి సరుకు గురించి మాట్లాడేవాళ్లు ప్యాకెట్ గురించి మాట్లాడరు. ఆ మాటే ఈ పక్షం చెప్పదలుచుకున్నాం.

మన ఒంట్లో ఎప్పుడు ఎదగాలి, ఎప్పుడు ఆకలి వెయ్యాలి, ఎక్కడ కొవ్వు దాచుకోవాలి అని ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి కబుర్లు నడుస్తుంటాయి. ఆ కబుర్లు మోసేవే హార్మోన్లు. చిటికెడు కూడా అక్కర్లేదు, రవ్వంత చాలు. ప్లాస్టిక్‌లో గట్టిదనానికి వాడే బిస్ఫినాల్-ఎ, మెత్తదనానికి కలిపే థాలేట్లు ఒంట్లోకి చేరి ఈ కబుర్లలో దొంగ కబుర్లు కలుపుతాయి. కడుపులో బిడ్డ రూపు కడుతున్నప్పుడు దొంగ కబురు అందితే దాని దెబ్బ ఏళ్ల తరబడి ఉండొచ్చు. 2006లో కాలిఫోర్నియాలో బ్రూస్ బ్లూంబర్గ్ బృందం ట్రైబ్యుటైల్ టిన్ అనే రసాయనాన్ని చూలు ఎలుకలకు ఇచ్చి చూసింది. పుట్టిన పిల్లల్లో కొవ్వు ఎక్కువ పట్టింది. ఇలా ఒళ్లు చేయించే రసాయనాలకు వాళ్లు 'ఒబెసోజెన్లు' అని పేరు పెట్టారు.

ఎలుకల మాట సరే, మనుషుల్లో? మన బాబాసాహెబ్ 1913లో చదువుకోను వెళ్లిన న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయం ఉంది కదా, దాని చుట్టుపక్కలే హార్లెం, కాస్త ఎడంగా సౌత్ బ్రాంక్స్. నల్లవాళ్లు, డొమినికన్ రిపబ్లిక్ నుంచి వలస వచ్చినవాళ్లు కిక్కిరిసి బతికే వాడలు. మురుగునీటి కేంద్రమైనా, బస్సు డిపో అయినా ఆ ఊరి పెద్దలకు గుర్తొచ్చే చోటు అదే. మన ఊళ్లో చెత్తదిబ్బకు మన పల్లె పక్క పొలమే గుర్తొచ్చినట్టు. 1988లో ఆ కంపు మీద తిరగబడి పుట్టిన 'వీ యాక్ట్' అనే సంస్థ తర్వాత ఆ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలతో కలిసి పనిచేసింది. ఆ వాడల గర్భిణులు పరిశోధనలో చేరారు. 369 మంది తల్లులు, వాళ్ల బిడ్డల లెక్క 2016లో అచ్చయింది. నూటికి 94 మంది తల్లుల మూత్రంలో బిస్ఫినాల్-ఎ దొరికింది. అది ఎక్కువున్న తల్లుల బిడ్డలకు ఏడేళ్లు వచ్చేసరికి ఒంట్లో కొవ్వు ఎక్కువుంది. ఇది ఆడపిల్లల్లోనే స్పష్టంగా కనపడింది, మగపిల్లల్లో అలా కనపడలేదు. ఇలాంటి లెక్క సంబంధాన్ని చూపుతుంది గాని ఇదే కారణమని తేల్చదు. ఊబకాయంలో ప్లాస్టిక్ వాటా ఎంతన్నది శాస్త్రవేత్తలు ఇంకా వాదించుకుంటున్నారు. వాదం తేలేదాకా తల్లిని తిట్టడం మాత్రం ఆపక్కర్లేదని ఎవరు చెప్పారు?

ఇక మన టీకొట్టు దగ్గరకు వద్దాం. మన తాతలకు కొబ్బరి చిప్పలో పోశారు. నాన్నలకు చూరులో విడిగా పెట్టిన గ్లాసు, తాగాక తామే కడిగి పెట్టాలి. గ్లాసు దగ్గర తేడా చూపడం 1955 చట్టం ప్రకారమే నేరం. మనవాళ్లు కేసులు పెట్టారు, కొట్లాడారు, దెబ్బలు తిన్నారు. అప్పుడొచ్చింది ప్లాస్టిక్ గ్లాసు. తాగి పారెయ్, కడిగే పని లేదు, ముట్టుకునే పని అసలే లేదు. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని కొందరు సంబరపడ్డారు. పోలేదు. ఇప్పటికీ కొన్ని కొట్లలో వాళ్లకు గాజు గ్లాసు, మనకు పారేసే గ్లాసు. అడిగితే "శుభ్రత" అంటారు. పలచటి ప్లాస్టిక్ గ్లాసులు, కప్పులు, ప్లేట్లను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు. మీ ఊరి కొట్లో ఇంకా దేంట్లో పోస్తున్నారో వెళ్లి చూడండి. కాగితం కప్పు అయితే మంచిదనుకోకండి. దాని లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి 25,000 దాకా ప్లాస్టిక్ నలుసులు రాలతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ వాళ్లు లెక్కగట్టారు.

కర్రీ పాయింట్ దగ్గర సలసల కాగే సాంబారును కవర్లో పోసి ముడేస్తారు. వేడి, నూనె, ఈ రెండూ కలిస్తే ప్లాస్టిక్‌లోని రసాయనం తొందరగా బయటికొస్తుంది. థాలేట్లు నూనెలో ఇట్టే కరుగుతాయి. పాత చెత్త కరిగించి చేసిన రంగు కవరైతే అందులో ఏమేం కలిశాయో చెప్పేవాడే లేడు. సొంత వంటకు సమయం, గ్యాసు, గిన్నె ఉన్నవాళ్లు ఆ కవరు తెచ్చుకోరు. పనికి పోయి వచ్చిన తల్లే తెచ్చుకుంటుంది. మంచినీళ్లూ అంతే. నల్లగొండలో, ప్రకాశంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగలేక క్యాను కొంటాం. ఆ 20 లీటర్ల గట్టి నీలం క్యాన్లలో చాలావాటిని పాలీకార్బనేట్‌తో చేస్తారు. బిస్ఫినాల్-ఎ దాన్లోదే. ఎండలో పెట్టి, గీరి గీరి కడిగి, ఏళ్ల తరబడి తిప్పిన క్యాను పేదవాడలకే చేరుతుంది. చివరికి ఆ క్యాన్లు, కవర్లు ఏరేదీ, వైర్లు కాల్చి రాగి తీసేదీ ఎవరో వేరే చెప్పాలా?

ప్రభుత్వాలకు తెలియదని కాదు. పాలసీసాల్లో బిస్ఫినాల్-ఎ వాడొద్దని యూరప్ 2011లో అంది, మన ప్రమాణాల సంస్థ 2015లో అంది. 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ, రోజూ ఒంట్లోకి పోయినా పర్లేదనుకున్న మోతాదును 20 వేల రెట్లు తగ్గించింది. అది రోగనిరోధక శక్తి మీద దెబ్బ చూసి తీసుకున్న నిర్ణయం. 2024 డిసెంబరులో, తిండికి తగిలే సామాన్లలోనే దీన్ని నిషేధించారు. మన దగ్గర పాలసీసా దాటి నిషేధం కదల్లేదు. పాలసీసా వదిలిన బిడ్డకు ఒళ్లు లేదా? కంపెనీలు 'బీపీఏ ఫ్రీ' అని ముద్ర కొట్టి దాని బంధువులు బిస్ఫినాల్-ఎస్, ఎఫ్ పెట్టి అమ్ముతున్నాయి. పేరు మార్చి పని సాగించడం చూరులో గ్లాసు దగ్గరే మనం చూశాం.

ఒక మంచి సంగతి ఉంది. ఈ రెండు రకాల రసాయనాలూ ఒంట్లో పాతుకుపోయేవి కావు. ఒకటి రెండు రోజుల్లో మూత్రంలో పోతాయి. రోజూ మళ్లీ పోసుకోవడం వల్లే ఎప్పుడూ ఉంటున్నాయి. 2011లో కాలిఫోర్నియాలో ఐదు కుటుంబాల 20 మందికి మూడు రోజులు డబ్బాల్లో, ప్లాస్టిక్‌లో లేని తాజా వంట పెట్టారు. బిస్ఫినాల్-ఎ మూడింట రెండొంతులు, ఒక ముఖ్యమైన థాలేటు సగానికి పైగా తగ్గాయి. కూరకు స్టీలు క్యారేజి తీసుకుపోవడం, వేడన్నం ప్లాస్టిక్ డబ్బాలో పెట్టకపోవడం మనం రేపే చెయ్యొచ్చు. చూలింత ఉన్న ఇంట్లో ముందు చెయ్యాలి. కానీ ఇంటి ఆడవాళ్ల మీద ఇంకో పని వేసి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. టీకొట్టులో అందరికీ ఒకటే గ్లాసు, గాజుదో స్టీలుదో, కడిగి ఇచ్చేది. ఇది ఆరోగ్యం డిమాండూ, అంటరానితనం మీద డిమాండూ. రెంటికీ కలిపి ఒకే అర్జీ రాయండి.

హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు వెళ్లే కార్యకర్తలు ఉడుకు సాంబారు, అన్నం దేంట్లో వడ్డిస్తున్నారో చూడాలి. సామాను అడుగున మూడు బాణాల గుర్తులో అంకె ఉంటుంది. 3 అంటే థాలేట్లు ఎక్కువగా కలిపే పీవీసీ. 7 అంటే ఇతర రకాలు, పాలీకార్బనేట్ అందులోదే, పక్కన 'పీసీ' అని ఉంటే ఖాయం. అంకె లేని రంగు బకెట్ అయితే వేడి పదార్థానికి అసలు వద్దు. అడిగితే బడ్జెట్ లేదంటారు. 2013లో కొట్లాడి తెచ్చుకున్న సబ్‌ప్లాన్ చట్టం ఉంది, తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. ఆ డబ్బు రోడ్లకూ భవనాలకూ మళ్లించే వాళ్లకు స్టీలు బకెట్ ఖరీదు పెద్దదా? మీ హాస్టల్లో పిల్లలెందరు, స్టీలు బకెట్లు, గ్లాసులు, నీళ్ల డ్రమ్ములు ఎన్ని కావాలి, లెక్క కాగితం మీద రాసుకునే వెళ్లండి.