శిశుసంరక్షణము: జ్వరముతో వచ్చు మూర్ఛ

ఎర్రుపాలెమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె రెండేండ్ల బిడ్డకు జ్వరము తగిలినప్పుడెల్ల మూర్ఛ వచ్చుచున్నది. “మా వంశమున నీ జబ్బు లేదు, నీ పుట్టింటిదే” యని అత్తింటివారు దెప్పుచున్నారట.

మెదడులోని కణములను రేపు పదార్థములు కొన్ని, అణచునవి కొన్ని గలవు. అణచువానిలో ముఖ్యమైనది గాబా. ఇది కణముపై నున్న గ్రాహకమను ద్వారమును తెరచును. క్లోరైడు లోనికి రాగా కణము శాంతించును. ఆ ద్వారము అయిదు ముక్కల కూర్పు. అందు గామా-2 అను ముక్కను చేయించు జన్యువు అయిదవ క్రోమోజోముపై నున్నది. దాని పేరు జీఏబీఆర్‌జీ2. నోరు తిరుగకున్నను నష్టము లేదు. తరతరములుగా జ్వరపు మూర్ఛలు, ఇతర మూర్ఛలు గల కుటుంబములలో ఈ జన్యువున ఒక్క అక్షరమువంటి మార్పున్నదని 2001లో ఆస్ట్రేలియా, ఫ్రాన్సు పరిశోధకులు వేర్వేరుగా కనుగొనిరి. ద్వారము సరిగా పనిచేయనిచో కణములకు కళ్లెము తప్పును.

ఈ మార్పు తల్లినుండి యెంత రాదగునో తండ్రినుండియు నంతే రాదగును. ఇరువురిలో నొక్కరికున్నను ప్రతి బిడ్డకు సగముపాలు అవకాశము. మార్పుండియు మూర్ఛ యెరుగని పెద్దలును గలరు. కావున “మా వంశమున లేదు” అను మాట నిలువదు. మేనరికమును నిందించుటకును వీలులేదు. రెండువైపులనుండి వచ్చినగాని బయటపడని జబ్బులకే అది దోహదము. అయినను జ్వరపు మూర్ఛలన్నియు ఈ జన్యువువలననే కలుగవు. పెక్కింటికి పలు జన్యువులు కూడి కారణమగును.

ఆరు మాసములకు, అయిదేండ్లకు నడుమ నూటికి ఇద్దరు మొదలు అయిదుగురు బిడ్డల కీ మూర్ఛ వచ్చును. చాలమందికి పెరిగిన కొలది పోవును. వచ్చినపుడు బిడ్డను ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి గడియారము చూడవలెను. నోట చెంచా గాని నీరు గాని పెట్టరాదు. చేతిలో తాళపుచెవులుంచుట వ్యర్థము. వాతలు పెట్టుట క్రూరము. అయిదు నిమిషములు దాటినచో ఖమ్మమునకో విజయవాడకో పోవు రైలుకై కాచుకొనక 108కి ఫోను చేయవలెను. వైద్యులిచ్చు మిడజోలాము ఆ గాబా ద్వారముమీదనే పనిచేయును. మొదటిసారి వచ్చినపుడు, తగ్గినను, మెదడుపొరల వాపు కాదని తేలుటకు వైద్యునికి చూపియే తీరవలెను.

వైద్యుడు ఇరువైపుల చరిత్రయు నడుగును. భర్తకు పసితనమున జ్వరములో నేమైన వచ్చెనేమో యీ సోదరి అత్తగారినే యడిగి, వ్రాసికొని పోవుట మంచిది.