పైపొర పక్షాన ఒక మొర

పుదుచ్చేరి పక్కనున్న పిళ్ళైచావడి ఒడ్డుకు పడవలొచ్చిన పూట, చేపలు బాగుచేసే ఆడవాళ్ల చేతుల కేసి చూడండి. పొలుసు గీకుతారు, కల్లుప్పు వేసి రుద్దుతారు, జిగురు వదిలేదాకా నీళ్లు మారుస్తారు. జిగురు పోతేనే చేప శుభ్రమైనట్టు. కూరకు అది తప్పదు, ఒప్పుకుంటాను. నా బాధల్లా, పారబోసిన ఆ నీళ్లలో ఏం పోయిందో అడిగేవాళ్లు లేరని. చేపను అంతకాలం సముద్రంలో కాపాడిన కణాల వరస అందులో పోయింది. జీవశాస్త్రంలో దాన్ని ఉపకళా కణజాలం అంటారు. మనిషికైనా, ఆవుకైనా, కప్పకైనా, చేపకైనా ఒంటికి బయటి హద్దు అదే. ఇంత పని చేసేదానికి మన బళ్లలో దక్కేది ఒకటి రెండు పేరాలు. బయట ఆ పేరు ఎత్తే నాథుడే లేడు.

చర్మమంటే మొత్తం ఒకే పదార్థమని చాలామంది లెక్క. నిజానికి అది వేర్వేరు కణజాలాలు కలిసి కట్టుకున్న అవయవం. పైన బాహ్యచర్మం, అంటే వరసలు వరసలుగా పేర్చిన ఉపకళ. కింద అంతశ్చర్మం, అంటే కొల్లాజెన్ పోగులతో అల్లుకున్న సంయోజక కణజాలం. పిండంలో వీటి పుట్టుకే వేరు: పైది బహిస్త్వచం నుంచి, కిందిది ఎక్కువ భాగం మధ్యత్వచం నుంచి. నడుమ ఆధారత్వచం రెంటినీ అతికి ఉంచుతుంది. రక్తనాళాలు కిందే ఆగిపోతాయి. పైపొర కింది నుంచి ఊరి వచ్చే పోషకాలతోనే బతుకుతుంది. అడుగు వరస కణాలు చీలుతూ, పైకి జరుగుతూ, కెరటిన్ నింపుకుని చచ్చిపోయి, సుమారు నెల రోజుల్లో రాలిపోతాయి. ఒంటి మీద చాలాచోట్ల ఈ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. వెంట్రుక, గోరు, చెమట గ్రంథి, గిట్ట, కొమ్ము మీది తొడుగు, పక్షి ఈకలోని కెరటిన్ అన్నీ దాని నుంచి వచ్చినవే. బిడ్డకు పాలిచ్చే గ్రంథి కూడా మొదట ఈ పొర లోపలికి చొచ్చుకుపోయి పెరిగిందే.

ఇక తోళ్ల పని చూడండి. పచ్చి తోలును సున్నపు తొట్టిలో నానబెడతారు. వెంట్రుకలు, బాహ్యచర్మం వదులైతే గీకి కాలవలోకి వదిలేస్తారు. మిగిలిన అంతశ్చర్మాన్నే తంగేడు చెక్కతోనో, క్రోమియంతోనో ఊనుతారు. చెప్పులు, సంచీలు అయ్యేది అదే. అందుకే చర్మమనగానే మన కళ్లకు కట్టేది దాని కింది సగం. మద్రాసులో 1948లో వెలసిన కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థకు తెనాలి దగ్గరి యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ డైరెక్టరుగా పనిచేసి, ఈ వృత్తికే పరువు తెచ్చారు. 1954లో మద్రాసులోనే శాస్త్రజ్ఞులు జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌కు మూడు పేటల నిర్మాణం ఉందని ప్రతిపాదించారు. ఆ ఇద్దరి పేర్లూ, నాయుడమ్మగారి పేరూ తలుచుకుంటే నాకు గర్వం. అయినా ఆ కీర్తంతా కింది పొర వాటాకే పోయిందన్న వెలితి నన్ను వదలదు.

బళ్లో జరిగే అన్యాయం ఇంకా నొప్పిగా ఉంటుంది. పిల్లలు మొదటిసారి చూసే జంతు కణం తమ బుగ్గ లోపలిదే. పుల్లతో మెల్లగా గీకి, మిథిలీన్ బ్లూ చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో పెడతారు. కింద ‘జంతు కణం’ అని రాసుకుంటారు. అది ఉపకళా కణమనీ, చర్మం మీద కనిపించే అమరికే నోట్లో కెరటిన్ పెచ్చు లేకుండా తడిగా ఉందనీ ఎంతమంది చెబుతున్నారు? చర్మం పెదవి దగ్గర ఆగిపోదు. అక్కడి నుంచి నోరు, గొంతు, పేగు మీదుగా ఉపకళే రూపం మార్చుకుంటూ సాగుతుంది.

చేప దగ్గరకు వస్తే నాకు మరీ మండుతుంది. పొలుసులే దాని కవచమనుకుంటాం. అవి పుట్టేది అంతశ్చర్మంలో. వాటి మీద కూడా పల్చగా ఉపకళ కప్పుకుని ఉంటుంది. మనకు పైన చచ్చిన కణాల రక్షణ ఉంది. చేపకు చిట్టచివరి వరస దాకా బతికున్న కణాలే. జిగురు ఊరేది వాటి మధ్య నుంచే. సూక్ష్మక్రిములను చీల్చే లైసోజైము, ప్రతిరక్షకాలు ఆ జిగురులో ఉంటాయి. మిన్నో చేప చర్మం చిట్లితే చుట్టుపక్కల చేపలు బెదిరి పారిపోతాయని 1938లోనే కార్ల్ ఫాన్ ఫ్రిష్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. గాయపడ్డ ఆ చర్మంలోంచే హెచ్చరిక నీళ్లలో కలుస్తోంది.

మా యానాంలో పుస్తెలమ్మి అయినా తినాలనే పులసనే తీసుకోండి. ఉప్పునీటిలో ఉన్నంతకాలం దాని మొప్పల మీది ఉపకళ ఒంట్లోని ఉప్పును బయటికి తోస్తుంది. గోదావరి ఎదురెక్కాక అదే ఉపకళ పని తిరగేసి, నీళ్లలోని కాస్త ఉప్పునూ లోపలికి లాక్కుంటుంది. ఆ మార్పే లేకపోతే పులస అనేదే లేదు. రుచి గురించి గంటలు మాట్లాడతాం, మొప్పల గురించి ఒక్క ముక్క లేదు.

ఇక మనిషి నోటి సంగతి. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డపొగ తాగే ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుంటారు. ఏళ్ల తరబడి ఆ వేడిని భరించి, మందమెక్కి తెల్లబారేది అంగిలి మీది ఉపకళ. కొందరిలో చివరికి క్యాన్సరుగా మారేదీ అదే. పెద్దవాళ్ల క్యాన్సర్లలో అత్యధిక భాగం ఉపకళలో మొదలయ్యేవే. ఈ కణజాలం పేరు ఇంటింటా తెలియడానికి ఇదొక్కటి చాలదా?

అంచు విలువ పిళ్ళైచావడి వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కెరటాలు ఇసుకను కోసుకుపోతే వెనక ఇల్లు నిలవదని వాళ్లకు తెలుసు. ఒళ్లు బాగా కాలినవాళ్ల స్థితీ అంతే: పైపొర పోతే ఒంట్లో నీరు కారిపోతుంది, క్రిములు చొరబడతాయి. 1975లో రైన్‌వాల్డ్, గ్రీన్ అనే శాస్త్రజ్ఞులు మనిషి బాహ్యచర్మ కణాలను పళ్లెంలో పెంచే దారి కనిపెట్టారు. తర్వాతి పదేళ్లలోపే, ఒళ్లంతా కాలిన ఇద్దరు పిల్లలకు వాళ్ల కణాలతోనే పెంచిన పొరలు కప్పి అమెరికాలో బతికించారు. ఇంత పల్చటిదే కదా అని తేలిగ్గా చూసేవాళ్లకు ఇంకేం రుజువు కావాలి?

ఒడ్డున కూర్చున్న ఆడవాళ్ల వేళ్ల సందులు కూడా చూశాను. మంచునీళ్లలో, ఉప్పులో నాని నాని పైపొర తెల్లబడి, పగిలి ఊడుతుంది. ముల్లు గుచ్చుకుంటే చేపల మీది సూక్ష్మజీవులు ఆ పగుళ్లలోంచే లోపలికి వెళ్తాయి, వేళ్లు వాచిపోతాయి. అది పని చేసేవాళ్లకు మామూలేనని అనేవాళ్ల మీద నాకు కోపం. వలకూ పడవకూ సాయం ఇచ్చినట్టే, ఈ చేతులకు మంచి చేతి తొడుగులు, రాసుకునే లేపనం, ఏడాదికోసారి చర్మ వైద్యుడి పరీక్ష ఇవ్వాలి. చేపల అమ్మకం సాగుతున్నది ఆ చేతుల మీదే.

బళ్లకూ ఒక విన్నపం. బుగ్గ కణం బొమ్మ కింద ‘ఉపకళా కణం’ అని రాయించండి. తాజా చేప ఒకటి తెప్పించి, గాజుపలక అంచుతో జిగురును మెల్లగా తీసి, రంగు వేసి, పిల్లలకు చూపించండి. పక్కనే వాళ్ల బుగ్గ కణాలు పెట్టండి. ఆ పీరియడు అయ్యాకే చర్మం పాఠం మొదలుపెట్టండి.